గాయం చేసిన 'మొద్దు వస్తువు' ఏది? కారు కంపెనీలను వైద్యులు అడిగిన ప్రశ్న



రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురాగానే డ్యూటీ డాక్టరు చికిత్సతో పాటు మరొక పని కూడా చేయవలసి ఉంటుంది. గాయాల ధ్రువపత్రం, అంటే మేము వూండ్ సర్టిఫికెట్ అని పిలిచేది, రాసి పోలీసులకు ఇవ్వాలి. గాయం ఎక్కడ ఉంది, దాని పొడవు వెడల్పులెంత, సాధారణమైనదా తీవ్రమైనదా, ఎన్ని గంటల క్రితం తగిలింది, దేనివలన కలిగి ఉండవచ్చు అన్నవి అందులోని గడులు. చివరి గడిలో నా ఉద్యోగ జీవితమంతా నేను రాసిన మాట ఒక్కటే: 'గట్టి, మొద్దు వస్తువు తాకిడి వలన.' కోర్టు బోనులో నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడూ అదే చెప్పాను. ఆ మొద్దు వస్తువు ఏమిటని ఏ పక్షపు న్యాయవాదీ ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను నేనూ అడుగుకోలేదు. డ్రైవరు అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపాడా లేదా అన్నంతవరకే అక్కడి వివాదం. రొమ్ము ఎముకను విరిచినది స్టీరింగ్ కడ్డీ అనీ, మోకాలి చిప్పను పగులగొట్టినది డ్యాష్‌బోర్డు అంచు అనీ గాయాన్ని చూడగానే నాకు తెలిసేది. కానీ వాటిని ఆ విధంగా తయారుచేసినవారి ప్రస్తావన ఏ కేసు కాగితంలోనూ ఉండేది కాదు.

పదవీ విరమణ తరువాత తీరికగా వైద్య చరిత్ర చదువుకుంటున్నప్పుడు, నేను అడగని ఆ ప్రశ్నను అమెరికాలో కొందరు వైద్యులు 1930ల నాటికే అడిగారని తెలిసింది. వారిలో మొదట చెప్పుకోదగినవాడు క్లెయిర్ స్ట్రెయిత్. ఆయన ప్లాస్టిక్ సర్జన్. ఉన్న ఊరు డెట్రాయిట్, అంటే అమెరికా కార్ల పరిశ్రమకు పుట్టినిల్లు. ఛిద్రమైన ముఖాలను కుట్టి సరిచేయడం ఆయన నిత్యకృత్యం. ఆ ముఖాలలో ఎక్కువ భాగం డ్రైవరు పక్క సీటులో కూర్చున్నవారివి. కారు ఆగిన క్షణంలో వారి ముఖం ముందుకు పోయి డ్యాష్‌బోర్డు మీద పొడుచుకువచ్చిన లోహపు మీటలను, గుండీలను గుద్దుకునేది. ఆ మీటలను లోపలికి అమర్చవచ్చు గదా, ఆ పలకకు మెత్త వేయవచ్చు గదా అని ఆయన కంపెనీలను అడిగాడు, వైద్య పత్రికలలో రాశాడు. తన సొంత కార్లకు మెత్తలూ బెల్టులూ తానే పెట్టించుకున్నాడు. మొత్తం మీద పరిశ్రమ మాత్రం కదలలేదు.

రెండవవాడు వైద్యుడు కాడు గాని, వైద్య కళాశాలలో పనిచేసినవాడే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో హ్యూ డిహేవెన్ అనే యువకుడు విమాన చోదక శిక్షణలో ఉండగా రెండు విమానాలు గాలిలో ఢీకొని కూలిపోయాయి. ఆయన బతికాడు గాని కడుపులోని అవయవాలు చితికాయి. ఆసుపత్రి మంచం మీద పడుకుని, తన పొట్టను చీల్చినది నేల కాదనీ, తన నడుముకు కట్టిన బెల్టు మీది మొనదేరిన బకిల్ అనీ గ్రహించాడు. చుట్టూ ఉన్నవారు అదృష్టం అన్నారు. ఆయనకు ఆ మాట రుచించలేదు. చాలా ఎత్తునుంచి పడి కూడా బతికినవారి వివరాలు ఏళ్ళ తరబడి సేకరించి, దెబ్బ ఎంత విశాలమైన చోట పంచుకుంటే, ఎంత మెల్లగా ఆగితే శరీరం అంతగా తట్టుకుంటుందని 1942లో ఒక వ్యాసంలో లెక్కలతో చూపాడు. కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఆయన నడిపిన పరిశోధన 1950లలో కార్ల వైపు మళ్ళింది. ఢీకొన్నప్పుడు తలుపులు తెరుచుకుని మనుషులు బయటికి విసిరివేయబడటం ప్రాణాలు పోవడానికి పెద్ద కారణమని అందులో తేలింది. కారులో ఉండిపోవడం కంటే బయటపడటమే మేలని అప్పటి జనంలో ఉన్న నమ్మకానికి ఇది పూర్తిగా విరుద్ధం. మన ఊళ్ళలో ఇప్పటికీ 'బెల్టు పెట్టుకుంటే లోపలే ఇరుక్కుపోతాం' అనేవారు ఉన్నారు గనుక ఈ సంగతి కొంచెం నొక్కి చెబుతున్నాను.

ఇక్కడ 'రెండవ ఢీ' అనే మాటను వివరించాలి. కారు చెట్టును గుద్దుకోవడం మొదటి ఢీ. కారు ఆగిపోయినా లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోయి కారు లోపలి భాగాలను గుద్దుకుంటాడు. అది రెండవ ఢీ. గాయం చేసేది ఎక్కువగా ఈ రెండవదే. మొదటి దానికి డ్రైవరో, రోడ్డో, వానో కారణం కావచ్చు. రెండవ దాని తీవ్రతను చాలావరకు నిర్ణయించేది మాత్రం కారును గీసిన ఇంజనీరు, దానికి ఖర్చు మంజూరు చేసిన యాజమాన్యం. పరిశ్రమ అప్పట్లో చెప్పినదంతా మొదటి ఢీ గురించే. డ్రైవర్లకు శిక్షణ ఇవ్వండి, తాగి నడిపేవారిని పట్టుకోండి, రోడ్లు బాగుచేయండి అనేవారు. ఇవి అబద్ధాలు కావు. అందుకే ఆ వాదం అంతకాలం చెల్లింది.

1954 డిసెంబరు 10న అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్, న్యూ మెక్సికోలో పట్టాల మీద నడిచే రాకెట్ బండిలో తనను తాను కట్టించుకుని, గంటకు 1,000 కిలోమీటర్లకు పైబడిన వేగం నుంచి ఒకటిన్నర సెకనులోపే ఆగాడు. భూమ్యాకర్షణకు 46 రెట్లకు పైగా బలం ఆయన శరీరం మీద పడింది. కళ్ళలో రక్తం చేరి కొంతసేపు చూపు పోయింది, తరువాత తిరిగి వచ్చింది. సరైన పట్టీలతో కట్టి ఉంచితే మనిషి శరీరం ఎంత తట్టుకోగలదో ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. వైమానిక దళంలో విమానాలు కూలి చనిపోయేవారికంటే కార్లలో చనిపోయేవారే ఎక్కువని గమనించి, ఆయన కార్ల పరీక్షలూ మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరం నవంబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో హంటర్ షెల్డన్ అనే నరాల శస్త్రచికిత్సకుడు వ్యాసం రాశాడు. కారు ప్రమాదాలలో తలకు తగిలే గాయాలకు నివారణ తప్ప వైద్యం లేదన్నది దాని సారాంశం. లోపలికి ముడుచుకునే బెల్టులు, గట్టి పైకప్పు, తెరుచుకోని తలుపు గడియలు కావాలని అందులో కోరాడు. తలకు దెబ్బ తగిలినవారి పక్కన తెల్లవార్లు కూర్చున్న ఏ వైద్యుడైనా ఆ వ్యాసకర్త బాధను గుర్తుపడతాడు.

సాంకేతికంగా ఇవేవీ అసాధ్యం కావు. 1956 మోడళ్ళలో ఫోర్డ్ కంపెనీ మెత్తటి డ్యాష్‌బోర్డు, సీటు బెల్టులు అదనపు ధరకు ఇవ్వజూపింది. తరువాత ఆ ప్రచారాన్ని తగ్గించుకుంది. భద్రతను అమ్మితే సరుకు అమ్ముడుపోదన్న మాట పరిశ్రమలో స్థిరపడిపోయింది. అటు స్వీడన్‌లో, అంతకుముందు యుద్ధ విమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసిన నిల్స్ బోలిన్ 1959లో వోల్వో కోసం మూడు బిందువుల బెల్టు రూపొందించాడు. ఈ రోజు మీరు భుజం మీదుగా లాగి పెట్టుకునేది అదే. ఇతర కంపెనీలు వాడుకోవడానికి వోల్వో అడ్డు చెప్పలేదు. అయినా ఇతరులు తొందరపడలేదు.

ముప్ఫై ఏళ్ళు వైద్యులు చెప్పినా కదలనిది 1965లో కదిలింది. ఆ జూలైలో అమెరికా సెనేట్ ఉపసంఘం జనరల్ మోటార్స్ అధిపతులను పిలిచింది. గత సంవత్సరం లాభమెంత అని రాబర్ట్ కెనెడీ అడిగాడు. 170 కోట్ల డాలర్లు. ప్రమాదాల భద్రత పరిశోధనకు మీరిచ్చినదెంత? సుమారు పన్నెండున్నర లక్షలు. అదే నవంబరులో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే పుస్తకం వెలువరించాడు. అందులో మొదటి అధ్యాయం షెవ్రొలే కోర్వెయిర్ అనే కారు గురించి. అందరికీ గుర్తున్నది అదొక్కటే. ఆ కారు ఆనాటి ఇతర కార్లకంటే ఎక్కువ ప్రమాదకరం కాదని ప్రభుత్వమే చేయించిన పరీక్షలు 1972లో చెప్పిన సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పుస్తకం బలం నా దృష్టిలో ఆ అధ్యాయంలో లేదు. డిహేవెన్, స్ట్రెయిత్ వంటివారి పరిశోధనలు తెలిసి ఉండి కూడా పరిశ్రమ పక్కన పెట్టిందని చూపిన తరువాతి అధ్యాయాలలో ఉంది.

జనరల్ మోటార్స్ దానికి జవాబు చెప్పక, నాడర్ వ్యక్తిగత జీవితం మీద ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టింది. అది బయటపడింది. 1966 మార్చి 22న కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. తరువాత నాడర్ వేసిన దావాలో కంపెనీ 1970లో 4,25,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. ఈ రభస వలన చట్టానికి దారి సుగమమైంది. ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా సెనేట్ ఆమోదించిన మోటారు వాహన భద్రతా చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ 1966 సెప్టెంబరు 9న సంతకం చేశాడు. కారుకు కనీస భద్రతా ప్రమాణాలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. లోపం కనబడితే యజమానులకు తెలియజేయవలసిన బాధ్యత కంపెనీలకు వచ్చింది. ఉచితంగా బాగుచేసి ఇవ్వాలన్న నిబంధన 1974లో చేరింది.

ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థకు మొదటి అధిపతి ఎవరో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. ఇంజనీరు కాదు, పోలీసు అధికారి కాదు. విలియం హాడన్ అనే ప్రజారోగ్య వైద్యుడు. మలేరియా వచ్చినవాడిని పట్టుకుని 'దోమ కుడుతుంటే చూసుకోవద్దా' అని మనం మందలించము. నీటి గుంటలు పూడుస్తాము, దోమతెర ఇస్తాము, జ్వరం వస్తే మాత్ర ఇస్తాము. హాడన్ ప్రమాదాలను అదే కన్నుతో చూశాడు. ప్రమాదానికి ముందు, ప్రమాద సమయంలో, ప్రమాదం తరువాత అని మూడు దశలు చేసి, ప్రతి దశలోనూ మనిషి, వాహనం, పరిసరాలు ఏమి చేస్తున్నాయని గడులు గీశాడు. 'ప్రమాద సమయంలో వాహనం' అన్న గడి అప్పటివరకు ఖాళీగా ఉండిపోయింది. 1968 జనవరి నుంచి అమలైన ప్రమాణాలు దానిని నింపడం మొదలుపెట్టాయి. దెబ్బ తగిలితే రొమ్ములోకి దిగకుండా ముడుచుకునే స్టీరింగ్ కడ్డీ వాటిలో ఒకటి. నిరుడు, ఇప్పుడు క్యాజువాల్టీలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థినిని ఆ చివరి గడిలో ఏమి రాస్తున్నావమ్మా అని ఫోనులో అడిగాను. 'మొద్దు వస్తువే సార్' అంది.

చట్టం వచ్చినంత మాత్రాన పోరు ముగియలేదు. ఎయిర్‌బ్యాగ్ కథ చూడండి. దానిని తప్పనిసరి చేసే ప్రతిపాదన 1969లో వచ్చింది. 1971 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ అధినేత హెన్రీ ఫోర్డ్ మనుమడు, ఆ కంపెనీ అధ్యక్షుడు లీ అయకోకా శ్వేతసౌధంలో అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసి భద్రతా నిబంధనల భారం గురించి మొరపెట్టుకున్నారు. ఆ సంభాషణ నిక్సన్ టేపులలోనే రికార్డయింది. తరువాత నిబంధన వాయిదాపడింది. బదులుగా, బెల్టు పెట్టుకోకపోతే కారు స్టార్టు కాని ఏర్పాటు 1974 మోడళ్ళలో వచ్చింది. పక్క సీటులో కూరగాయల సంచి పెట్టినా కారు కదలనని మొరాయించేది. జనం మండిపడ్డారు. ఆ ఏడాది అక్టోబరులోనే చట్టసభ దానిని నిషేధించింది. ప్రజలు ఎల్లప్పుడూ కంపెనీకి ఎదురుగానే నిలబడరని ఈ ఘట్టం గుర్తుచేస్తుంది. 1977లో మళ్ళీ నిబంధన, 1981లో ప్రభుత్వం మారగానే రద్దు, 1983లో ఆ రద్దు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు. చివరకు 1998 మోడళ్ళనాటికి గాని ప్రతి కారులో ముందు రెండు ఎయిర్‌బ్యాగులు రాలేదు. ఇంత చేసి వచ్చిన ఆ సంచులే తొలి రోజుల్లో కొందరు పసిపిల్లల ప్రాణాలు తీశాయి. అందుచేత వెనక్కు తిరిగి ఉండే శిశువు సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో ఎన్నడూ అమర్చకండి.

ఫలితం ఏమిటంటారా? 1966లో అమెరికాలో వాహనాలు తిరిగిన ప్రతి 10 కోట్ల మైళ్ళకు సుమారు ఐదున్నర మరణాలు ఉండేవి. 2014 నాటికి అది ఒకటికి కొంచెం పైన మాత్రమే. మంచి రోడ్లు, తాగి నడపడంపై చట్టాలు, అత్యవసర వైద్యం కూడా ఇందులో భాగం పంచుకున్నాయి. కారులో వచ్చిన మార్పు లేకుండా మాత్రం ఇది జరిగేది కాదు.

మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయినది 1990ల నడుమ. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఇక్కడ అమ్ముతున్న ఐదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని రకాలను, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో: ఐదింటికీ పెద్దల భద్రతలో సున్నా నక్షత్రాలే వచ్చాయి. వీటిలో కొన్ని కంపెనీలు అప్పట్లో అదే పేరు గల కారును యూరప్‌లో ఎయిర్‌బ్యాగులతో అమ్ముతుండేవి. ఫలితాలు వచ్చాక పోలోలో రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశారు. కావాలనుకుంటే చేయగలరన్నమాట. ప్రభుత్వ నిబంధన డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్‌ను 2019లో, పక్క సీటుకు 2021లో తెచ్చింది. 2019 సవరణ చట్టం లోపమున్న వాహనాలను వెనక్కు రప్పించే అధికారాన్నీ, కంపెనీకి 100 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే వీలునూ కల్పించింది. 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు ఇస్తోంది. కాని పరీక్షకు కారును పంపడం కంపెనీ ఇష్టం. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో ఇంచుమించు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారు. వారిని ఏ ఎయిర్‌బ్యాగూ కాపాడదు గనుక ఆ సంగతి వేరే వ్యాసంలో రాస్తాను.

1974లో అమెరికన్లు మండిపడిన ఆ ఏర్పాటు వంటిదే, మెత్తగా, మన కార్లలోనూ ఉంది: బెల్టు పెట్టుకోకపోతే కీచుమని మోగే అలారం. దాని నోరు మూయడానికి బెల్టు గాడిలో దూర్చే చిన్న లోహపు క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించాక అటువంటి ప్రకటనలు 13,118 తొలగించారు. ఆ క్లిప్పు మీ కారులో గాని, మీ పిల్లల కారులో గాని ఉంటే ఈ వ్యాసం చదవడం పూర్తికాగానే వెళ్ళి తీసి పారవేయండి. వెనుక సీటు బెల్టులు సీటు కింద కూరుకుపోయి ఉంటే వాటినీ బయటికి లాగి, బకిల్ పడుతున్నదో లేదో చూసి రండి.