బడి గడపయొద్ద శునకము

శ్రోతలారా! మహాభారతకథ శునకముతో మొదలై శునకముతో ముగియునని మీలో పలువు రెరిగియే యుందురు. నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున సరమ యను దేవశుని కుమారుడు ఆడుకొనుచు జనమేజయుని యజ్ఞశాలకు వచ్చెను. అది ఏ అపరాధమును చేయకున్నను రాజు తమ్ములు దానిని కొట్టి తరిమిరి. తిక్కన రచించిన తుదిభాగమున ధర్మరాజు తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను. కుక్కను లోపలికి రానీయవలయునా, వెలుపలనే నిలుపవలయునా యను ఆ ప్రశ్న నేడు పాఠశాల గడపయొద్దకు వచ్చినది. శిక్షణ పొందిన సహాయశునకములను బడులలో నియోగించు పద్ధతి ఎట్లు పుట్టినదో, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకు అది ఎంతవరకు తగునో ఈ పూట విచారింతము.

1960ల దశాబ్దిలో రామచంద్రపురమున భారత హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ పరిశోధనాలయము స్థాపింపబడెను. పిదప పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో పరిశ్రమలు వరుసగా లేచినవి. బీహారు, ఒడిశా మున్నగు దూరదేశములనుండి కూలివారు సకుటుంబముగా వచ్చి చేరిరి. వీరి బిడ్డలు ముఖ్యముగా ఎరిగిన కుక్కలు రెండు తెగలు: ఫ్యాక్టరీ గేటుకడ మొరుగు కాపలాకుక్క, సందులలో గుంపులుగా తిరుగు వీధికుక్క. 2024లో ఇస్నాపూరున వలసవచ్చిన కుటుంబములోని ఒక బాలుడు వీధికుక్కల వాతబడి మరణించెను. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు మొదలగు తావులనుండి వీధికుక్కలను తొలగింపవలయునని ఆజ్ఞాపించెను. కనుక బడిలో కుక్క యను మాట యెత్తువాడు ముందుగా బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి సమాధానము చెప్పవలసియుండును.

ఆమె భయము నిష్కారణమైనది కాదు. పిచ్చికుక్క కాటునకు చిరకాలము మందు లేకుండెను. 1885లో ఫ్రాన్సున లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల బాలునకు తన టీకాను వేసి బ్రతికించెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసినవి. నేడు మనుష్యులకును కుక్కలకును వలసిన రేబీసు టీకాలను హైదరాబాదున నెలకొన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేయుచున్నది. మందు మన ముంగిటనే యున్నది. అది ప్రతి కుక్కకును, కరవబడిన ప్రతి బిడ్డకును సకాలమున అందవలయును.

ఇక శిక్షణ సంగతి. మొదటి ప్రపంచయుద్ధమున కన్నులు పోగొట్టుకొన్న సైనికులకు దారిచూపుటకై జర్మనీలోని ఓల్డెన్‌బర్గున 1916లో కుక్కలకు పాఠశాల నెలకొల్పిరి. 1929లో అమెరికాలో సీయింగ్ ఐ యను సంస్థ ఆ విద్యను చేపట్టెను. ఈ విద్యలో ఒక విశేషము కలదు. యజమాని ముందుకు పొమ్మన్నను, ఎదుట బండి వచ్చుచున్నచో కుక్క కదలదు. మాట వినుటయే కాక, వినగూడని మాటను వినకుండుటయు దానికి నేర్పుదురు.

బాలుర చెంతకు కుక్కను చేర్చిన ఖ్యాతి న్యూయార్కున మనస్తత్త్వశాస్త్రజ్ఞుడగు బోరిస్ లెవిన్సనునకు దక్కినది. ఎవ్వరితోను కలియనొల్లని ఒక బాలుడు ఆయన కుక్క జింగిల్సును చూచి చనువు చేసికొనెను. ఆ అనుభవమును ఆయన 1962లో ప్రకటించెను. 1991లో హాంకాంగున డాక్టర్ డాగ్ యను పేర ఆరంభమైన కార్యక్రమము పిదప చెన్నపట్టణమునకును వచ్చెను. 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ నగరమున పిల్లలు కుక్క ప్రక్కన కూర్చుండి పుస్తకము చదువు పద్ధతి మొదలయ్యెను. కుక్కకు అక్షరములు రావు. అయినను బిడ్డ తడబడినప్పుడు అది నవ్వదు, తొందరపెట్టదు, ప్రక్కవానితో పోల్చదు. అందుచే చదువ జంకు బిడ్డ గొంతు విప్పును.

ఇంట ఒడియాయో హిందీయో మాటాడి, బడిలో తెలుగు అక్షరములతో పెనగులాడు బిడ్డలు పటాన్‌చెరు వాడలలో కలరు. 2025 జూన్ 30న పాశమైలారమున ఒక ఔషధకర్మాగారములో జరిగిన ప్రేలుడున నలుబదిమందికి పైగా మరణించిరి. అట్టి దుర్ఘటనలలో తండ్రిని పోగొట్టుకొన్న పిల్లలు బడికి వచ్చి కూర్చుండునప్పుడు, మాటలతో ఓదార్చువారికంటె మాటాడని తోడు కొంత నయము కావచ్చును. ఐనను కుక్క ఉపాధ్యాయునకు బదులు కాదు, వైద్యునకును బదులు కాదు.

హైదరాబాదు చేరువనున్న మొయినాబాదున పోలీసుకుక్కలకు నెలల తరబడి శిక్షణ యిచ్చుచున్నారు. కుక్కకు విద్య నేర్పుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. కాని ప్రేలుడుపదార్థమును పసికట్టు కుక్క వేరు, బడికుక్క వేరు. నలుబదిమంది పిల్లలు ఒక్కసారి కేకవేసినను ఇది బెదరరాదు. తోక లాగినను కరవరాదు. దానిని నడపువాడు అనుక్షణము వెంట నుండవలయును. టీకాలు క్రమము తప్పరాదు. అలసినపుడు దానికి విశ్రాంతి యీయవలయును. భయపడు బిడ్డను, ఉబ్బసముగల బిడ్డను, ఇంటి ఆచారముచే కుక్కను తాకని బిడ్డను బలవంతపెట్టరాదు. తల్లిదండ్రుల సమ్మతి ముందుగా పొందవలయును.

వీధి భద్రమైన పిదపనే బడి తలుపు కుక్కకు తెరచుట న్యాయము. ఇస్నాపూరు సందులో నడచుటకు వెరచు బిడ్డకు తరగతిలోని కుక్క స్నేహితుడని చెప్పినచో ఆ బిడ్డ మనలను నమ్మడు. కాని వీధికుక్కకు భయపడి, సుశిక్షితమైన కుక్కను సయితము విచారింపకయే తరుముటయు తగదు. సరమ రాజును నిందించినది విచారణ లేకుండ కొట్టినందులకే గదా! విచారింపక కొట్టుట ఎంత తప్పో, విచారింపక లోనికి పిలుచుటయు అంతియే తప్పు. మీ గ్రామపు బడిలో ఈ ప్రశ్న వచ్చిననాడు, పెద్దలు తీర్పు చెప్పుటకు ముందు, ఆ సందులో నడచి బడికి వచ్చు బిడ్డను ఒక్కమాట అడుగుదురు గాక. సెలవు.