దోపిడీలో దొరికిన ప్రాణం

1860 అక్టోబరు. చైనాలో పెకింగ్ (ఇప్పటి బీజింగ్) శివార్లలోని యువాన్‌మింగ్‌యువాన్ రాజప్రాసాదం మీద ఫ్రెంచి, బ్రిటిష్ సైనికులు పడ్డారు. షియాన్‌ఫెంగ్ చక్రవర్తి అప్పటికే రెహెకు పారిపోయాడు. పట్టుబట్టలు, గడియారాలు, పింగాణీ... ఎవరికి అందింది వాళ్ళు మూటగట్టుకున్నారు. ఆ దోచిన సొత్తులో ప్రాణమున్నవీ ఉన్నాయి. అంతఃపురంలో అల్లారుముద్దుగా పెరిగిన బొచ్చుకుక్కలు. 18వ తేదీన బ్రిటిష్ ప్రతినిధి లార్డ్ ఎల్గిన్ ఆజ్ఞతో ప్రాసాదానికి నిప్పు పెట్టేనాటికి అవి చేతులు మారిపోయాయి.

ఒకటి 99వ రెజిమెంటు కెప్టెన్ జాన్ హార్ట్ డన్ దగ్గరికి చేరింది. చప్పిడి ముక్కు, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు, మెడలో వెండి మువ్వలు. సైనికుడి టోపీలో ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత ఒళ్ళు. లూటీలో దొరికింది కనుక లూటీ అనే పేరే పెట్టారు. ఇంత కర్కశమైన పేరు ఏ పెంపుడు ప్రాణికీ రాకూడదు.

అక్కణ్ణుంచి ఇంగ్లండుకు సముద్రం మీద నెలల ప్రయాణం. ఆ ముఖం సంగతి తెలిసినవాళ్ళకు ఆ ప్రయాణం తల్చుకుంటేనే గుండె గుబులుమంటుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ వేడి బయటికి పంపాలి. ముక్కు నొక్కుకుపోయిన జాతికి ఆ ఊపిరే కష్టం. పైగా మందపాటి బొచ్చు. మన ఫ్లాట్లలో పగ్గులు, షిట్జులు పెంచేవాళ్ళు ఏప్రిల్ ఎండల్లో పడే ఆరాటం ఇదే. కంటిగుంతలు లోతు లేక ఏ చిన్న పుల్ల గీరుకున్నా కంటికి ముప్పే. ముక్కు మీది ముడతల్లో తడి నిలిస్తే పుండవుతుంది. మెత్తటి గుడ్డతో రోజూ తుడవాల్సిందే.

1861లో డన్ ఆ కుక్కను విక్టోరియా రాణికి సమర్పించాడు. ఒడిలో పెరిగిన ప్రాణి, ఇక్కడా అలాగే చూసుకుంటారన్నది అతని ఆశ. దోచుకొచ్చినవాడే అయినా ఆ ఒక్క మాటకు అతన్ని కాస్త మన్నించాలనిపిస్తుంది. కొత్త చోట దానికి తిండి దగ్గరే పేచీ వచ్చింది. బ్రెడ్డూ పాలూ పెడితే మూతి తిప్పేసుకునేది. ఉడికించిన అన్నంలో చికెన్ ముక్కలు, కాస్త గ్రేవీ వేసి మెత్తగా కలిపి పెడితే తినేది. దానికి ఏం కావాలో కనిపెట్టి కలిపి పెట్టిన ఆ చెయ్యి నాకు రాణిగారి కానుకల పట్టీ కంటే గొప్పగా కనిపిస్తుంది.

అదే ఏడాది ఫ్రెడరిక్ విల్హెల్మ్ కైల్ దాని బొమ్మ వేశాడు. ఎంత చిన్నదో చూసేవాళ్ళకు తెలిసేలా పక్కన ఏదైనా వస్తువు పెట్టమన్నారట. ఎర్ర దిండు మీద లూటీ, వెనక పింగాణీ కూజా. 1865లో విలియం బాంబ్రిడ్జ్ ఫొటో తీశాడు. 1872లో లూటీ కన్నుమూసింది. పరాయి వాతావరణం, పరాయి తిండి, ఆ ముఖంతో వచ్చే ఇబ్బందులు... ఇన్నింటి మధ్య పదకొండేళ్ళు నెగ్గుకొచ్చిందంటే, రోజూ దగ్గరుండి చూసుకున్నవాళ్ళ చేతి చలవేనని నా నమ్మకం.