“మెదడు కుళ్ళు” అను మాట చరిత్రము

మనుష్యులకు వలెనే మాటలకును పుట్టుకయు, దేశసంచారమును, దశావిశేషములును కలవు. ఇంటర్నెట్టున యువజనులు వాడెడి మాటలన్న పెద్దలకు సాధారణముగా ఏవగింపు. అవి నిన్న పుట్టి రేపు గిట్టునవి యని వారి తలంపు. అట్టివానిలో నొకటియగు “బ్రెయిన్ రాట్” అను మాటను మేము పరిశీలింపగా, అది మన ముత్తాతల కాలము నాటిదని తేలినది. మెదడు కుళ్ళు అని దాని యర్థము.

ఈ మాట మొదట కానవచ్చునది 1854లో అమెరికాయందు ప్రకటితమైన “వాల్డెన్” అను గ్రంథమున. గ్రంథకర్త హెన్రీ డేవిడ్ థోరో. శాసనోల్లంఘనమును గూర్చి ఈయన వ్రాసిన వ్యాసమును గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో నుండగా కొనియాడెను గనుక, ఈ పేరు మన చదువరులకు క్రొత్తది కాదు. 1845లో ఐర్లండున బంగాళాదుంపల పైరునకు కుళ్ళుతెగులు సోకెను. అటుపిమ్మటి కరవులో సుమారు పది లక్షల మంది మరణించిరి. ఆ తెగులునకు పడుచున్న పాటు బుద్ధికి పట్టిన తెగులునకు పడరేల యని థోరో యెత్తిపొడిచెను. ఒకటికంటె హెచ్చు అర్థముల నిచ్చు రచనను జనులు తప్పుపట్టుటయే ఆయన కినుకకు కారణము.

చిరకాలము అంతగా ప్రచారములో లేని యీ మాటకు టిక్‌టాక్ మొదలగు వానియందు యువజనులు మరల ప్రాణము పోసిరి. మరుగుదొడ్డి పాత్రలనుండి మనుష్యుల తలలు పైకి లేచి పాడునట్టి “స్కిబిడి టాయిలెట్” అను బొమ్మల చిత్రములు 2023లో యూట్యూబున వెలువడ నారంభించెను. ఇట్టివానికే ఈ పేరు స్థిరపడెను. 2023కును 2024కును నడుమ దీని వాడుక నూటికి 230 వంతులు హెచ్చినదని ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు లెక్కించిరి. ఆరు మాటలను ఎన్నికకు పెట్టగా 37,000 మందికి పైగా ఓట్లు వేసిరి. పిమ్మట 2024 డిసెంబరులో దీనినే ఆ యేటి మాటగా ప్రకటించిరి.

ఈ ప్రయాణములో అర్థము కొంత మారినది. థోరోకు అది వ్యాధి పేరు. నేడు వ్యాధికిని, దానికి హేతువని తలంపబడు చిత్రమునకును అదియే పేరు. ఆయువునకు కారణమగుటచే నేతినే ఆయువనుట శాస్త్రకారులు లక్షణకు చూపు ఉదాహరణము. మన బాలురు అలంకారశాస్త్రము చదువకయే ఆ మార్గమున నడచిరి.

అంతకంటె ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. థోరో లోకమును నిందించెను. ఈ యువజనులు తమ్ము తామే నిందించుకొనుచున్నారు. ఆ చిత్రములను చూచువారును, చేయువారును, వానికి మెదడు కుళ్ళని పేరు పెట్టి నవ్వుకొనువారును ఒక్కరే. కల్లును తిట్టుచు కల్లు త్రాగువాని స్థితి యిది. ఇది వైద్యశాస్త్రము అంగీకరించిన రోగనామము కాదు. ఐనను, తమకేదో కీడు జరుగుచున్నదని పిల్లలే చెప్పుచుండగా, ఆ మాట మోటుగా నున్నదని కోపించుట పెద్దరికమా?

దుంపల తెగులు చరిత్రమును జూడుడు. చెడు వాతావరణమే కారణమని తొలుత పలువురు తలంచిరి. సూక్ష్మమైన బూజువంటి జీవియే కారణమని 1846లో ఇంగ్లండున బెర్కిలీ వాదించెను. తరువాత జర్మనీదేశీయుడగు డి బారీ దానిని నిరూపించెను. మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమము 1885లో ఫ్రాన్సున ద్రాక్షతోటలకై ప్రకటింపబడి, పిదప దుంపలకును మందయ్యెను. పేరు పెట్టినంతనే తెగులు పోలేదు. దుంపను తిట్టి ఎవరును దానిని మాన్పలేదు.

కావున ఈ మాటను ఇండ్లలో నిషేధింపవలదని మా మనవి. అది బాలుని నోట వినబడినప్పుడు, ఏమి చూచితివి, ఎంతసేపు చూచితివి, చూచిన పిదప మనసెట్లున్నదని ప్రక్కన గూర్చుండి యడుగవలెను. అడుగుటకు ముందు తల్లిదండ్రులు తమ చేతిలోని ఫోనును క్రింద పెట్టవలెను.