నైజీరియా వాళ్ళ కరెంటు జోకులు

కష్టాల్లోనూ నవ్వుతామని నాతో పనిచేసిన నైజీరియా మిత్రులు గర్వంగా చెప్పేవారు. అక్కడి కరెంటు సంస్థ పేరు నెపా. ఆ పొడి అక్షరాలకి "ఎప్పుడూ కరెంటుంటుందని ఆశపడకు" అని జనం అర్థం చెప్పుకున్నారు. 2005లో పీహెచ్‌సీఎన్‌గా మారిస్తే, "సమస్య పేరు మార్చుకుంది" అన్నారు. ఇళ్ళలో పెట్టుకునే చిన్న పెట్రోలు జనరేటర్‌కేమో "పక్కింటివాడికంటే నేనే నయం" అని పేరు.

ఈ చివరిదే నాకు గుచ్చుకుంటుంది. ఎవడి కరెంటు వాడే చేసుకుంటే సర్కారుని నిలదీసేదెవరు, చెప్పండి?

కానీ 2012 జనవరి 1న పెట్రోలు సబ్సిడీ ఎత్తేశారు. లీటరు 65 నైరాల నుంచి 141కి ఎగబాకింది. ఆ జోకులేసిన జనమే వీధుల్లోకొచ్చారు, దేశమంతా సమ్మె. 16వ తారీకుకల్లా ధర 97కి దించారు. సొంతంగా నెట్టుకొచ్చే ఆ దారీ మూసుకుపోతేనే జనం తిరగబడ్డారని నాకనిపిస్తుంది.