తల్లి పోయినా తీగ సాగింది

1916లో కెనడాలోని మోర్డెన్ ఊరి నుంచి ఒక అడవి తీగ ముక్క సముద్రం దాటి ఇంగ్లండ్ చేరింది. కెంట్ ప్రాంతంలోని వై కాలేజీలో ప్రొఫెసర్ ఎర్నెస్ట్ శామన్ దాన్ని నాటించారు. అది హాప్స్ తీగ. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చి, త్వరగా పాడవకుండా కాపాడేది దాని పువ్వే.

తాటిచెట్లలో పోతుతాడు వేరుగా ఉన్నట్టే హాప్స్‌లోనూ మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. బీరు కాచడానికి పనికొచ్చేది ఆడపువ్వు. దాని రేకుల మొదళ్లలో పసుపుపచ్చటి పొడిలా అంటుకుని ఉండే లుపులిన్‌లోనే చేదంతా ఉంటుంది.

కెంట్ రైతులు తరాలుగా గోల్డింగ్, ఫగుల్ రకాలను నమ్ముకున్నారు. వాటి వాసన కమ్మగా ఉంటుంది, చేదు మాత్రం తక్కువ. చేదు కోసం బీరు తయారీదారులు అమెరికా సరుకు దిగుమతి చేసుకునేవారు. ఆ చేదునూ ఇంగ్లిష్ కమ్మదనాన్నీ ఒకే తీగకు పూయించాలన్నది శామన్ పట్టుదల. 1918లో మోర్డెన్ తీగ గింజలు కట్టింది. మంచుగడ్డ లాంటి దేశంలో పుట్టిన ఆ మొక్క కెంట్‌లో ఆ చలికాలం దాటలేక చనిపోయింది. గింజలు మిగిలాయి. మరుసటేడు మొలిచిన వాటిలోంచి ఏరిన తీగే బ్రూయర్స్ గోల్డ్. 1934లో అది రైతుల చేతికొచ్చింది. చేదు పుష్కలం, కానీ అమెరికా వాసన మొరటుగా ఉందని ఇంగ్లిష్ బీరు తయారీదారులు పెదవి విరిచారు.

కాలం మారింది. 1963లో బ్రిటన్ ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ అలాంటి చట్టం మీదే సంతకం చేశారు. దాంతో ఏ రకం నాటాలన్న ప్రశ్న పెరళ్లలోకీ వచ్చింది.

పెరటి లెక్క తోట లెక్క కాదు. మామూలు హాప్స్ తీగ ఇరవై అడుగులు పాకుతుంది. అంత పందిరి వేయలేనివారి కోసమన్నట్టు 1990లలో వై కాలేజీ నుంచే ఎనిమిదడుగుల పొట్టి రకం ఫస్ట్ గోల్డ్ వచ్చింది. అమెరికా పెరళ్లలో 1972లో విడుదలైన కాస్కేడ్‌దే పెద్దపీట. మొండి మొక్క, కాపు ఎక్కువ, నిమ్మజాతి వాసన. ఏ రకమైనా మొదటేడు వేరు పట్టడానికే సరిపోతుంది, నిండు కాపుకు రెండు మూడేళ్లు ఆగాలి. పెరటి పువ్వులో చేదు ఎంతో ఇంట్లో కొలవలేం. అందుకే అనుభవజ్ఞులు చేదుకు కొన్న సరుకు వేసి, సొంత పువ్వును వాసన కోసం ఉడుకు చివర్లో వేస్తారు.

పొడవాటి వేసవి పగళ్లు, గట్టి చలి ఉంటేనే ఈ తీగ సరిగా పూస్తుంది. భూమధ్యరేఖకు 35 నుంచి 55 డిగ్రీల దూరం దానికి అనువైన చోటు. 17 డిగ్రీల మీదున్న హైదరాబాద్‌లో ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఒకప్పుడు మొరటన్న ఆ అమెరికా వాసననే ఇప్పుడు ప్రపంచం వెతుక్కుంటోంది. 1990లో విడుదలై ఇళ్లలో బీరు కాచేవారికి ఇష్టమైన సెంటెన్నియల్ రకం వంశంలో ముప్పాతిక వంతు బ్రూయర్స్ గోల్డ్‌దే.