నాంపల్లి నుంచి ముంబై ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి ముంబైకి విమానంలో సుమారు 620 కిలోమీటర్లు, గంటన్నర. రైల్లో సుమారు 790 కిలోమీటర్లు, దాదాపు 14 గంటలు. అందరికీ తెలిసిన లెక్కే. కానీ ఇందులో ఒక బగ్ ఉంది. మన భాషలో చెప్పాలంటే, ఒక్క హాప్ లేటెన్సీ చూసి మొత్తం రెస్పాన్స్ టైం అదే అనుకుంటున్నాం.

ముందు రైలుకి ఆ అదనపు 170 కిలోమీటర్లు ఎందుకో చూద్దాం. బొంబాయి, మద్రాసు లైన్లు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి హైదరాబాదుని తాకకుండా పడమటి పక్కనుంచి వెళ్ళిపోయింది. సికింద్రాబాద్ కంటోన్మెంటుకి రైలు కావాలన్నది బ్రిటిష్ వాళ్ళ అవసరం, డబ్బేమో నిజాం ప్రభుత్వానిది. అలా 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి లైను పడింది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. అక్కడ బయల్దేరే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ వాడి మీదుగానే ముంబై వెళ్తుంది. నూటయాభై ఏళ్ళ నాటి డిజైన్ డెసిషన్ అన్నమాట!

ఇక విమానం సంగతి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట దాని స్థావరం. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. వాళ్ళు నడిపిన డకోటాల వేగం గంటకి 300 కిలోమీటర్లనుకుంటే, ముంబైకి నేరుగా ఎగిరితే రెండు గంటల పైచిలుకు. అంటే జెట్ విమానాలొచ్చి మనకి మిగిల్చింది ముప్పావు గంట లోపే.

ఆ మిగులు కూడా ఎక్కడ పోయిందో చూడండి. ఆబిడ్స్ నుంచి బేగంపేట ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాయి, అది సుమారు 25. గచ్చిబౌలి వాళ్ళకి ఔటర్ రింగు రోడ్డుంది, ఇబ్బంది లేదు. ఆబిడ్స్ వాళ్ళు మాత్రం ట్రాఫిక్‌లో గంట, ముందుగా చేరడానికి రెండు గంటలు, గాల్లో గంటన్నర, ముంబైలో దిగి ఊళ్ళోకి ఇంకో గంట లెక్కేసుకోవాలి. గంటన్నర కాస్తా అయిదున్నర అయింది.

రైలు నెమ్మదే, కాదనను. కానీ ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి వెళ్ళొచ్చు, రాత్రి ప్రయాణం నిద్రలో గడిచిపోతుంది, దిగేది ఊరి నడిబొడ్డున.

ఇప్పుడీ సౌకర్యానికీ ఎసరొస్తోంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, నాంపల్లి నుంచి నడిచే చెన్నై ఎక్స్‌ప్రెస్ లాంటి కొన్ని రైళ్ళు అక్కడికి మారాయి. నాంపల్లిలో ప్లాట్‌ఫారాలు చాలవు, నిజమే. కానీ ఆబిడ్స్ నుంచి చర్లపల్లి దాదాపు 20 కిలోమీటర్లు. టైంటేబుల్లో ప్రయాణ సమయం అంతే ఉంటుంది, పెరిగిన గంట మాత్రం ప్రయాణికుడి ఖాతాలో పడుతుంది. ఆటో డబ్బులు అదనం.

టెర్మినల్‌ని ఊరవతలకి మార్చే ముందు, అక్కడికి చేరే దారి కూడా ప్రయాణంలో భాగమేనని ఒప్పుకుంటే చాలు. లోకల్ రైలో, మెట్రోనో, సిటీ బస్సో ముందు వేసి, ఆ తర్వాత మార్చండి.