ఆంధ్రదేశపు రైతుయిల్లు: కట్టడము, ధాన్యము, పదజాలము

మన వాస్తుచరిత్ర పరిశోధనము దేవాలయములను, కోటలను, బౌద్ధస్తూపములను ఆశ్రయించి పెరిగినది. శాసనములు అచ్చటనే దొరకును గనుక అది సహజమే. జనులలో అధికసంఖ్యాకులు నివసించిన రైతుయిల్లు మాత్రము మట్టితోను, కఱ్ఱతోను, తాటియాకుతోను కట్టబడినదగుటచే తన సాక్ష్యమును తాను నిలుపుకొనలేకపోయినది. నిలిచియున్న కొలదిపాటి యిండ్లును, వడ్రంగుల నోటనున్న మాటలును దాని చరిత్రకు ముఖ్యాధారములు.

ఈ యింటిని శాస్త్రగ్రంథముల వెలుగున మాత్రమే చదువుట నాకు సమ్మతము కాదు. దిక్కులును ఆయమును పాటింపబడినమాట నిజమే. అయినను ఇంటి రూపును నిర్ణయించినవి వాన, దొరకు కలప, దాచవలసిన ధాన్యము, కట్టవలసిన పశువులు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల చుట్టిల్లు ఇందుకు తేటయైన నిదర్శనము. గుండ్రని మట్టిగోడపై శంకువువంటి తాటియాకు కప్పు. గాలివాన తాకుటకు మూలలు లేవు. చూరు మిక్కిలి క్రిందికి దిగియుండుటచే జల్లు గోడను తడుపదు.

రాయలసీమ మిద్దెకథ వేఱు. అనంతపురము సీమలో ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లే గనుక అచ్చట వాలుకప్పుతో పనిలేదు. దూలములపై దంతెలు, వానిపై కట్టెలో బండలో పఱచి, ఆపైన చవుడుమన్ను దట్టముగా పోయుదురు. పంటకు పనికిరాని యీ ఉప్పునేలమన్ను తడిసినప్పుడు దాని సన్ననిరేణువులు విడివడి సందులను పూడ్చును. అందుచే నీరు దిగదు. చేనికి చేటైన గుణమే ఇంటికి మేలైనది. ఈ మర్మమును రైతు రసాయనశాస్త్రము చదువకయే యెఱుగును. తొలకరికి ముందు క్రొత్తమన్ను వేయుట ఏటేటి పని. వెలుతురునకు కప్పులో గవాక్షముండును. వాన వచ్చినచో దానిని మూసెదరు. కొన్నియెడల మనుష్యులును ఎద్దులును ఒకే కప్పుక్రింద నుందురు. పశువులను కట్టు తావు గాటిపాట. జొన్నలకు నేలలోని పాతరయే కొట్టు.

కృష్ణా గోదావరి మండలములలో మండువా లోగిలి ప్రసిద్ధము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసిన పిమ్మట పల్లపుసేద్యము విస్తరించెను. నేడు డెల్టాలో కానవచ్చు పెద్ద లోగిళ్లలో పెక్కు ఆ తరువాతివే. మన్యపు టేకు గోదావరిపై తెప్పలుగా దిగివచ్చెను. నాలుగు వసారాల వాలుకప్పులు నడుమనున్న మండువాకు వంగియుండును. వాననీరు అందు పడి తూముగుండ పోవును. గాలియు వెలుతురును ఆ దారినే వచ్చును. వీథివైపున అరుగు, లోపల భోషాణము, పందిరిమంచము, వంటయింట ఉట్టి, పెరట గొడ్లసావడి, గాదెలు. మంగళూరులో బాసెల్ మిషను వారు 1865లో నెలకొల్పిన కర్మాగారపు పెంకువంటి యంత్రపుపెంకు, బంగాళాపెంకను పేర వ్యాపించి, కుమ్మరి చేతిగూనను క్రమముగా తొలగించెను.

ఇంటికిని ధాన్యమునకును గల పొత్తును గరిసె యను పదము చక్కగ చూపును. అది గాదెకును పేరు, కొలతకును పేరు. మద్రాసు రాజధాని దొరల లెక్కలలో అదియే గార్సు. ధాన్యము కళ్లమునుండి తిన్నగ మిల్లునకు పోవుట అలవాటైన పిమ్మట గాదె నిష్ప్రయోజనమాయెను. ట్రాక్టరు వచ్చి సావడిని ఖాళీచేసెను. కాంక్రీటుకప్పు దూలమును, దంతెను, వాసమును ఒక్కమాఱే తొలగించెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ పదకోశమును, ఆ వరుసలోనే బూదరాజు రాధాకృష్ణగారు కూర్చిన వాస్తు పదకోశమును ప్రక్కప్రక్కన పెట్టి చదివినగాని ఈ నష్టముయొక్క పరిమాణము తెలియదు.

నేడు హైదరాబాదు పరిసరములలో ధనవంతులు కట్టించు తోటయిండ్లలో మండువా మరల కనిపించుచున్నది. పాతయిండ్లనుండి కొనితెచ్చిన చెక్కుడు స్తంభములును కలవు. అందమునకు లోపములేదు, నిందింపవలసిన పనియు లేదు. కాని ధాన్యము చేరని, ఎద్దు కట్టని యింటిని రైతుయింటి కొనసాగింపుగా గణించుట చరిత్ర కాదు. స్తంభము ఊరు విడిచినపుడు అది యే దూలమును మోసినదో, ఆ దూలపుకొలత యెంతయో చెప్పగల సాక్ష్యము పోవుచున్నది. అమ్మకమునకు ముందే ఇంటి కొలతలను తీసి, గదిగదికిని ఆ యూరి పేరు వ్రాసికొనుట పరిశోధక విద్యార్థులు ఒక వేసవి సెలవులలో చేయగల పని.